రాహ్‌దారి: మోటారుకు దొరికిన వాపసీ కాగజ్



బుద్వేల్ నుంచి ఆరాంఘర్ చౌరస్తాకు వచ్చి, షంషాబాద్ వైపు తిరిగితే నీలం రంగు బోర్డు మీద "జాతీయ రహదారి" అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. ఆ మాటలో సగం మన ఇంటిదే. రహదారి అంటే అచ్చ తెలుగు అనుకుని తెలుగు డిగ్రీ చదివే రోజుల్లో పరీక్షల్లో రాసేవాణ్ణి. అది ఫారసీ రాహ్‌దారి. అయితే అసలు అర్థం తోవ కాదు. తోవకు కాసే కాపలా, ఆ కాపలా పేరున బాటసారి దగ్గర వసూలు చేసే మహసూల్, అది కట్టినట్టు అతని చేతిలో పెట్టే చిట్టీ - ఈ మూడింటినీ కలిపి రాహ్‌దారి అనేవాళ్ళు. ఔరంగజేబు 1659లో రద్దు చేసిన వసూళ్ళలో ఇదీ ఒకటి. హుకుం జారీ అయినంత మాత్రాన జాగీర్దార్లు, జమీందార్లు వసూలు మానలేదు, అది వేరే కిస్సా. కాలక్రమంలో మహసూల్ పోయింది, చిట్టీ పోయింది, పేరు మాత్రం తెలుగులో రోడ్డుకు అతుక్కుని మిగిలింది.

ఈ మాట ఇప్పుడెందుకు తీశానంటే, ఒక దోస్త్ తన నాన్నగారి కాలం నాటి పాత ఫియట్‌ను మిస్త్రీ దగ్గర పెట్టి బాగుచేయించాడు. దాన్ని ఓడలో దుబాయ్‌కి పంపి, అక్కడి నుంచి ఇరాన్, తుర్కియే మీదుగా విలాయత్ దాకా నడపాలని అతని షౌక్. "భాయ్, నువ్వు అఖ్బారోడివి కదా, కాగజాత్ ఏమేం కావాలో కాస్త పతా చెయ్" అన్నాడు. పతా చేయడానికి కూర్చుంటే తారీఖ్ చదవడం మొదలైంది. మోటారు సర్హద్ దాటడం వెనక ఇంత కథ ఉందని నాకూ తెలియదు. అందులో కొంత మన ఖాందాన్ల కథ కూడా ఉంది.

ముందు గోల్కొండ దర్వాజా దగ్గరికి వెళ్దాం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి తావెర్నియే 17వ శతాబ్దంలో ఇక్కడికి చాలాసార్లు వచ్చాడు. 1676లో అచ్చయిన సఫర్‌నామాలో భాగ్‌నగర్ గురించి రాస్తూ, పరదేశీ ఎవడైనా దర్వాజా దగ్గరికి వస్తే సిపాయిలు సామాను విప్పి ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని వెతుకుతారని చెప్పాడు. సుల్తాన్ ఖజానాకు పెద్ద ఆమ్దనీ ఈ రెండింటి మీదే. కొన్నిసార్లు లోపలికి ఇజాజత్ రావడానికి ఒకటి రెండు రోజులు బయటే ఆగాలి. సిపాయి తన పైవాడికి, ఆ పైవాడు దరోగాకు కబురు పంపాలి, అక్కడి నుంచి మనిషి వచ్చి చూడాలి. ఇవాళ షంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో గల్ఫ్ నుంచి దిగిన మన పిల్లవాడు బెల్ట్ దగ్గర అట్టపెట్టె కట్లు విప్పి చూపించే దృశ్యాన్ని చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. అప్పుడు వెతికింది పొగాకు, ఇప్పుడు వెతికేది బంగారం.

నిజాంల జమానాకు వచ్చేసరికి ఈ మహకమాకు ఒక పేరు స్థిరపడింది: కరోడ్‌గిరి. మన ఇళ్ళలో దాదా, నానాల తరంవాళ్ళు ఈ మాట వాడేవాళ్ళు. కస్టమ్స్‌కు హైదరాబాద్ పెట్టుకున్న పేరు ఇది. అక్బర్ కాలంలో కోటి దాముల ఆమ్దనీ ఉన్న ఇలాఖాకు కరోడీ అని ఒక అధికారిని పెట్టేవాళ్ళు. ఆ కరోడీ పని కరోడ్‌గిరి. మొదట జమీన్ మహసూల్‌కు చెందిన మాట, దక్కన్‌లో సర్హద్ దగ్గర సరుకు మీద వసూలుకు మారింది. మాటలు ఇలా ఇల్లు మారుతుంటాయి. పక్కన మరాఠీవాళ్ళు ఊరి నాకా దగ్గర కట్టే సుంకాన్ని జకాత్ అన్నారు. మనం రంజాన్‌లో లెక్క కట్టి ఇచ్చే జకాత్ పేరు అక్కడ నాకాదారు చేతిలోకి వెళ్ళింది. ఇంకో విచిత్రం. ఫ్రెంచి వాళ్ళు కస్టమ్స్‌ను దువాన్ అంటారు, ఇటలీ వాళ్ళు దోగానా అంటారు. రెండూ మన దీవాన్ నుంచి వెళ్ళినవే. టారిఫ్ అనే మాట అరబీ తారీఫ్ నుంచి వచ్చింది, అంటే ఏ సరుకుకు ఎంతో తెలియజేయడం. మధ్యధరా సముద్రం మీద అరబ్బులతో బేరాలు చేసిన యూరప్ షావుకార్లు సరుకుతో పాటు దఫ్తర్ మాటలనూ మోసుకెళ్ళారు.

హైదరాబాద్ రియాసత్‌కు ఒక పెద్ద కష్టం ఉండేది: సముద్రం లేదు. బందరు రేవు 18వ శతాబ్దంలోనే అంగ్రేజుల చేతిలోకి పోయింది. 1802లో ఈస్ట్ ఇండియా కంపెనీ, నిజాం అలీ ఖాన్ మధ్య ఒక వ్యాపార ఒడంబడిక జరిగింది. రెండు వైపులా రాకపోకలు చేసే సరుకు మీద నూటికి 5 వంతున ఒకేసారి మహసూల్, దారిపొడవునా మళ్ళీ మళ్ళీ వద్దు అన్నది దాని సారాంశం. దారిలో నాకాలు మాత్రం అంత సులువుగా పోలేదు. రియాసత్ లోపల రాహ్‌దారి బెడద తగ్గించే పనిని మొదటి సాలార్ జంగ్ తన సంస్కరణల్లో పెట్టుకోవలసి వచ్చింది. బయటి గీత మీద కరోడ్‌గిరి మాత్రం నిలిచింది. దక్షిణాన తుంగభద్ర దాటి కర్నూలు నుంచి వచ్చేవాడికీ, పడమర నుంచి వచ్చేవాడికీ రెండు పనులు తప్పేవి కావు. సామాను చూపించాలి, కల్దార్ రూపాయలు మార్చి హాలీ సిక్కా తీసుకోవాలి. మన బుద్వేల్ స్టేషన్ మీదుగా పోయే మహబూబ్‌నగర్ లైన్ కూడా ఆ సర్హద్ వైపు సాగిందే. కాచిగూడ స్టేషన్ కట్టింది 1916లో.

ఇప్పుడు ఈ నక్షా మీద ఒక మోటారును ఊహించండి. విలాయతీ కారు ఓడలో బొంబాయి రేవులో దిగాలి. అక్కడ బ్రిటిష్ ఇండియా సముద్ర కస్టమ్స్. అక్కడి నుంచి వాడి జంక్షన్ మీదుగా రైలు. వాడి - హైదరాబాద్ లైన్ 1874లో తెరిచారు. రియాసత్‌లోకి రాగానే కరోడ్‌గిరి. ఒక వస్తువు, రెండు హుకుమత్‌లు, రెండు మహసూళ్ళు. రేవు లేని దేశానికి పడే జరిమానా ఇది. ఉస్మాన్ అలీ ఖాన్ హుకుమత్ గోవాలోని మార్మగోవా రేవు మీద అంతగా ఆశ పెట్టుకోవడానికి ఇదొక కారణం. ఆ ఆశ తీరలేదు. 1947-48లో ఢిల్లీతో సంబంధాలు చెడినప్పుడు సర్హద్ గీత ఎదురు తిరిగింది. పెట్రోలు, దవాలు కూడా అవతలే ఆగిపోయాయి.

మీలో చాలామంది చౌమహల్లాలో పిల్లలకు చూపించి ఉంటారు, ఆ పసుపు రంగు రోల్స్ రాయిస్. సిల్వర్ ఘోస్ట్, బార్కర్ కంపెనీ కట్టిన బాడీ, వెనక తఖ్త్‌లాగా ఎత్తుగా అమర్చిన సీటు. దాన్ని ఆర్డర్ ఇచ్చింది మహబూబ్ అలీ పాషా. కారు తయారై రాకముందే 1911 ఆగస్టు 29న ఆయన ఇంతెఖాల్ జరిగింది. కారు కొడుకుకు అందింది. ఆ కొడుకేమో తిరగడానికి పాత డొక్కు కారే చాలనుకునే మనిషి. అందుకే తఖ్త్ కారు తిరిగింది బహుత్ కమ్. ఆ కాలంలో పెద్ద సంస్థానాల పాలకులు సొంత వాడకానికి తెప్పించుకునే సామానుకు సముద్ర కస్టమ్స్‌లో మాఫీ పొందేవాళ్ళు. ఇక కరోడ్‌గిరి సంగతి చెప్పేదేముంది? నిజాం కారును నిజాం నాకాదారు ఆపుతాడా? అదే తుంగభద్ర ఒడ్డున బండెడు సరుకుతో వచ్చిన కోమటి, చేనేత నూలు మూటతో వచ్చిన మోమిన్ గంటల తరబడి నిలబడేవాళ్ళు. నిజాంల మీద మనవాళ్ళు రాసే వ్యాసాల్లో రోల్స్ రాయిస్ కనిపించినంతగా ఈ మూట కనిపించదు. నాకు అది అసంతృప్తి.

ఇక సొంత మోటారులో పరాయి దేశాలు తిరిగే షౌక్ సంగతి. యూరప్‌లో మోటార్లు కొత్తగా వచ్చినప్పుడు ప్రతి సర్హద్ దగ్గరా ఒకటే గొడవ. కారు ఖరీదైన సరుకు. లోపలికి వచ్చి అమ్మేసుకుంటే మహసూల్ ఎగ్గొట్టినట్టే. కాబట్టి ప్రతి నాకాలో పూర్తి సుంకం నగదుగా జమానత్ పెట్టాలి, బయటికి పోయేటప్పుడు వెనక్కి తీసుకోవాలి. నాలుగు దేశాలు తిరగాలంటే సంచీడు పైసలు మోయాలి. దీనికి మోటారు క్లబ్బులు ఒక తరీఖా కనిపెట్టాయి. మా మెంబరు తిరిగి రాకపోతే సుంకం మేం కడతాం అని క్లబ్బే కఫీల్‌గా నిలబడడం. దాని గుర్తుగా ఒక పుస్తకం. దాని పేరే కార్నె ద పాసాజ్ ఆఁ దువాన్. కార్నె అంటే చిన్న పుస్తకం, చివర ఉన్న దువాన్ మన దీవానే. 1909లో పారిస్ ఒడంబడిక మోటారు వెనక దేశం పేరు తెలిపే కోడిగుడ్డు ఆకారపు పలక తెచ్చింది. 1954లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో న్యూయార్క్‌లో సొంత వాహనాల తాత్కాలిక ప్రవేశం మీద ఒడంబడిక కుదిరింది. హిందుస్తాన్ కూడా అందులో చేరింది. మన దేశంలో ఈ పుస్తకం బొంబాయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటి సంస్థల ద్వారా దొరుకుతుంది.

పుస్తకం పనిచేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ప్రతి వరఖ్‌కు మూడు ముక్కలు. దేశంలోకి దాఖల్ అయ్యేటప్పుడు ఒక ముక్క చింపుకుంటారు. బయటికి వెళ్ళేటప్పుడు ఇంకో ముక్క. మూడోది పుస్తకంలోనే ఉండిపోతుంది, దాని మీద రెండు ముద్రలు: వచ్చాడు, పోయాడు. రెండో ముద్ర వేయించుకోవడం మర్చిపోతే అంతే సంగతులు. కారు ఇంటికి చేరినా, ఆ దేశం లెక్కలో అది ఇంకా అక్కడే ఉన్నట్టు. సుంకం చెల్లించమని క్లబ్బుకు నోటీసు, క్లబ్బు నుంచి మీకు. అందుకే బ్యాంకు జమానత్ ముందే తీసుకుంటారు. తిరిగే దేశాల్లో ఏ దేశానిది ఎక్కువ సుంకమో చూసి, కారు ఖీమత్‌కు దాన్ని కట్టి లెక్క వేస్తారు. పుస్తకంలో చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రంగు, సీట్లు, రేడియో, అదనపు టైర్లు కూడా రాస్తారు. పాత కార్లకు ఇక్కడే తకరారు వస్తుంది. 60 ఏళ్ళ ఫియట్‌కు ఎప్పుడో ఇంజిన్ మార్చి ఉంటారు, ఆర్సీలో పాత నంబరే ఉంటుంది. చాసిస్ మీద నంబరు తుప్పులో కలిసి ఉంటుంది. రంగు నాలుగుసార్లు మారి ఉంటుంది. కాబట్టి మొదటి పని మెకానిక్ దగ్గర కాదు, ఆర్టీఏ ఆఫీసులో. మా దోస్త్‌కు ఈ ముక్క చెబితే మొహం చిన్నబుచ్చుకున్నాడు. గేర్‌బాక్స్ బాగుచేయించినంత సులువు కాదు మరి.

50 ఏళ్ళు దాటి, పెద్దగా మార్పులు లేని బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబర్ ప్లేట్‌లో "వీఏ" అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, 10 ఏళ్ళ చెల్లుబాటు. కానీ ఆ బండిని రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు, ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికే. మరీ పాత మోటార్లు దేశం దాటి అమ్ముడైపోకుండా 1970ల నుంచి ఎగుమతి మీద ఆంక్షలు ఉన్నాయి. అప్పటికే రాజాలు, నవాబుల గ్యారేజీలు ఖాళీ అయి ఎన్నో కార్లు విలాయత్, అమెరికా చేరాయి. హైదరాబాద్ దేవిడీల కార్లూ కొన్ని చేతులు మారాయి, కొన్ని షెడ్డుల్లోనే మట్టి పట్టాయి. అందువల్ల సైరుకు తీసుకెళ్ళే బండికి "తిరిగి వస్తుంది" అన్న భరోసా ఇంకా బలంగా చూపాలి. అసాధ్యమేమీ కాదు. 2023లో అహ్మదాబాద్ నుంచి ఒక కుటుంబం 1950 నాటి ఎం.జి. కారులో, దానికి పెట్టుకున్న ముద్దుపేరు లాల్ పరీ, అది పుట్టిన ఇంగ్లండ్ ఊరు ఎబింగ్డన్ దాకా నడిపి చూపించారు.

కస్టమ్స్ గడిచినా ఇంకో దర్వాజా ఉంది: ఖరంతీనా. ఈ మాట కూడా సఫర్ చేసి వచ్చిందే. ప్లేగు రోజుల్లో 1377లో రగూసా రేవు బయటివాళ్ళను 30 రోజులు ఆపింది. తర్వాత వెనిస్ దాన్ని 40 చేసింది. ఇటలీ భాషలో 40 అంకె నుంచి క్వారంటీన్ వచ్చింది. మనకు 40 రోజుల చిల్లా అంటే ఇబాదత్, వాళ్ళకు 40 రోజులు అంటే వబా భయం. మన బుజుర్గులకు ఖరంతీనా అంటే మాత్రం కమరాన్ దీవి. 1865లో హజ్ సమయంలో కలరా వ్యాపించి యూరప్ దాకా పోయింది. 1866లో ఇస్తాంబుల్‌లో దేశాలన్నీ కూర్చుని మాట్లాడాయి. 1882లో ఉస్మానియా ఖలీఫాల హుకుమత్ ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో స్టేషన్ తెరిచింది. బొంబాయి నుంచి బయలుదేరిన హాజీల ఓడలు అక్కడ ఆగాలి, బట్టలు ఆవిరి యంత్రంలో వేయాలి, స్నానం చేయాలి, ఎండలో రోజుల తరబడి ఉండాలి, పైగా దానికి ఫీజు. దక్కన్ హాజీలూ ఆ తోవనే పోయారు. జిద్దాలో కరంతీనా అనే ముహల్లా ఉండేది. బీమారీ నిజమే, జాగ్రత్త అవసరమే. కానీ ఫస్ట్ క్లాసు ముసాఫిర్‌కు, డెక్ మీద గోనెపట్టా పరుచుకున్న హాజీకి ఒకే రకమైన ఖరంతీనా ఎప్పుడూ జరగలేదు.

ఇప్పుడు ఆ ఖరంతీనా మోటార్లకూ ఉంది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లకు పాత కారు పంపాలంటే టైరు గాడిలో ఇంత మట్టి ఉండకూడదు. రేడియేటర్ జాలిలో ఎండు గడ్డి, సీటు కింద బియ్యపు గింజ, విత్తనం ఏది కనిపించినా బండిని మళ్ళీ కడిగించాలి, ఆ ఖర్చు మనదే. కొన్ని దేశాల నుంచి వచ్చే సామానులో కంపు నల్లి లాంటి ఒక పురుగు ఉంటుందని సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రత్యేక తనిఖీ చేస్తారు. 2018 ఫిబ్రవరిలో జపాన్ నుంచి కార్లు తెచ్చిన ఓడల్లో ఆ పురుగులు కనిపిస్తే న్యూజీలాండ్ ఆ ఓడలనే వెనక్కి తిప్పింది. ఆస్ట్రేలియాలో ఇంకో చిక్కు. 2003 డిసెంబరు 31 నుంచి ఆస్‌బెస్టాస్ మీద పూర్తి నిషేధం. పాత కారు బ్రేకు షూలలో, క్లచ్ ప్లేటులో, ఇంజిన్ గ్యాస్కెట్లలో ఉండేది అదే. అవి తీసి కొత్తవి వేసి, ల్యాబు కాగితం చూపిస్తే గాని వదలరు. కారు కదలకుండా కంటైనర్‌లో కొట్టే చెక్క దిమ్మెలకు కూడా రూలు ఉంది. లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలినట్టు గోధుమ కంకి ముద్ర ఉండాలి.

ఈ భయాల్లో మనవాడు కూడా ఉన్నాడు. లోకమంతా భయపడే ధాన్యపు పురుగు పేరు ఖప్రా. పుట్టిల్లు మన బర్రె సగీర్, పేరూ మన జబానే. తిండి లేకుండా చెక్క పగుళ్ళలో, కంటైనర్ అంచుల్లో ఏళ్ళ తరబడి ముడుచుకుని బతుకుతుంది. ఆస్ట్రేలియా 2020 తర్వాత దీని కోసమే కంటైనర్ల మీద కొత్త ఆంక్షలు పెట్టింది. దీనికి జవాబుగా మనకొచ్చిన మెహమాన్ కూడా చెప్పాలి. బుద్వేల్ పట్టాల పక్కన, ఖాళీ ప్లాట్లలో తెల్లపూలతో నిండి ఉండే వయ్యారిభామ గడ్డి. 1950లలో అమెరికా గోధుమలతో వచ్చిందని చెబుతారు, పుణె దగ్గర మొదట కనిపించింది. ఒంటికి తగిలితే దద్దుర్లు, గాలిలో పుప్పొడికి ఆయాసం. ఒక గుప్పెడు విత్తనం నాకా దాటితే 70 ఏళ్ళైనా పోదని మన కళ్ళ ముందే ఉంది. ఇంకో మాట, ఈ విద్య నేర్పే చోటు మనకు పక్కనే. మొక్కల రక్షణలో అఫ్సర్లకు తర్బియత్ ఇచ్చే జాతీయ సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉంది. పటాన్‌చెరు ఇక్రిసాట్‌కు బయటి దేశాల నుంచి వచ్చే విత్తనాలను పరీక్షించే ఎన్‌బీపీజీఆర్ స్టేషన్ కూడా అక్కడే. బుద్వేల్ నుంచి ఆటోలో పోయేంత దూరం. మన పిల్లల్లో ఎంతమంది అటు దరఖాస్తు పెట్టుకున్నారో నాకు తెలియదు, పెట్టుకుంటే బాగుంటుంది.

ఇంతదాకా చదివితే మీకూ ఒక మాట తట్టి ఉండాలి. కార్నె పుస్తకం చెప్పేది ఒకటే: ఇది పోతోంది, తిరిగి రావడానికే పోతోంది. సర్కారు ఆ మాటను నమ్ముతుంది. జమానత్ అడుగుతుంది, తనిఖీ చేస్తుంది, కానీ ఏడాదిలోపు తిరిగి వస్తే "నువ్వు మా బండివి కావు" అనదు. బయటి దేశం బండి ఇక్కడికి వస్తే ఆరు నెలలు మెహమాన్‌గా ఉండనిస్తుంది.

ఇప్పుడు తారీఖులు పక్కపక్కన పెట్టండి. 1948 జూలైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవాళ్ళకు పర్మిట్ విధానం పెట్టారు. పర్మిట్లలో రకాలు: కొద్ది రోజుల ములాఖాత్‌కు ఒకటి, శాశ్వత వాపసీకి ఒకటి. ఏ రకం తీసుకున్నాడో దాన్ని బట్టి మనిషి ఏ దేశంవాడో తేలిపోయేది. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాద్‌లో పోలీస్ యాక్షన్. ఆ గడబిడలో కొలువు పోయినవాళ్ళు, భయపడినవాళ్ళు, బంధువులను చూసి వస్తామని వెళ్ళినవాళ్ళు కరాచీ చేరారు. రియాసత్ ఆఖరి వజీరే ఆజం మీర్ లాయఖ్ అలీ వంటి పెద్దవాళ్ళు 1950 మార్చిలో ఇంటి కాపలా తప్పించుకుని పోయారు, వాళ్ళది సియాసత్. కానీ చిన్న క్లర్కు, బడి మాస్టరు, ఫౌజులో సిపాయి? వాళ్ళలో ఎంతమంది "పోయి వస్తా" అని పోయారు! వెనక ఇల్లు 1950 నాటి ఇవాక్యూయీ ప్రాపర్టీ చట్టం కింద కస్టోడియన్ చేతిలోకి పోయింది. మన ముసలమ్మల నోట "కస్టోడీన్" అని వినేవాళ్ళం కదా, అది ఇదే. ఒక్కోసారి అన్న వెళ్ళాడు, తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, అయినా ఇంట్లో అన్న వాటా మీద దావా నడిచింది. 1952 అక్టోబరులో రెండు దేశాల మధ్య పాస్‌పోర్ట్, వీసా వచ్చేశాయి. మోటారుకు న్యూయార్క్‌లో వాపసీ హక్కు దొరికింది 1954లో, అంటే మనుషులకు దర్వాజా బిగుసుకున్న రెండేళ్ళకు.

వెళ్ళినవాళ్ళదే కాదు, ఉన్నవాళ్ళదీ ఇదే కథ. తరాల కిందట హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులను, పఠాన్లను 1948 తర్వాత పట్టుకుని, "మీ దేశానికి పొండి" అన్నారు. కొందరిని ఓడలెక్కించారు కూడా. ఇక్కడే పుట్టిన పిల్లలున్న మనుషులను ఏ ముల్క్‌వాళ్ళని రాయాలో దఫ్తర్లకే సమజ్ కాలేదు. వాళ్ళ చేతిలో రెండు ముద్రల పుస్తకం లేదు. వచ్చిన ముద్ర ఒక్కటే, అదీ ఎవరో పర్‌దాదా కాలంలో పడింది.

1960, 70లలో యూరప్ కుర్రకారు పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లలో ఇస్తాంబుల్, తెహ్రాన్, కాబూల్, లాహోర్ మీదుగా ఢిల్లీకి వచ్చేవాళ్ళు. 1979లో ఇరాన్‌లో ఇంఖిలాబ్, అఫ్గానిస్తాన్‌లో రష్యా ఫౌజు రావడంతో ఆ తోవ దెబ్బతింది. అప్పటిదాకా వాఘా దగ్గర వాళ్ళ కార్నె వరఖ్ చింపి ముద్ర వేసి బండిని పంపేవాళ్ళు. అదే గేటు దగ్గర హైదరాబాద్ ఆపాను చూడడానికి కరాచీ నుంచి వచ్చిన తమ్ముడి వీసా మీద ఊరి పేరు రాసి ఉండేది. హైదరాబాద్ అని రాస్తే హైదరాబాదే, బీదర్‌లో చిన్నమ్మ మయ్యత్ అయినా పోవడానికి లేదు. దిగిన 24 గంటల్లో పోలీసు దఫ్తర్‌లో హాజరీ. మా ముహల్లాలో ఒక బడీమా తమ్ముడు వచ్చిన వారం రోజుల్లో మూడు పూటలు దఫ్తర్ బెంచీ మీదే గడిచాయని చెప్పేవారు. జర్మనీ వ్యాన్‌కు అలాంటి హాజరీ లేదు. 2025 ఏప్రిల్‌లో అటారీ గేటు కూడా మూసేశారు.

కరోడ్‌గిరి ఏమైందని అడుగుతారేమో. 1950 ఏప్రిల్ 1న రియాసత్ ఖజానా కేంద్రంతో కలిసింది. లోపలి సుంకానికి కొన్నేళ్ళ మొహలత్ ఇచ్చి తర్వాత తీసేశారు. హాలీ సిక్కా కూడా నెమ్మదిగా పోయింది. రాష్ట్రాల మధ్య అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు 2017 జూలైలో జీఎస్టీతో పోయాయి. షంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చి 23 నుంచి నడుస్తోంది. సముద్రం లేని ఈ ఊరికి అదే రేవు.

మా దోస్త్ ఫియట్ మాత్రం ఇంకా ఆరాంఘర్ దగ్గర మిస్త్రీ షెడ్డులోనే ఉంది. ఇంజిన్ నంబరు మార్పు నమోదుకు దరఖాస్తు పెట్టాడు. బొంబాయి అసోసియేషన్‌కు జమానత్ లెక్క కోసం ఉత్తరం రాశాడు. ఓడ కోసం ట్యాంకులో పెట్రోలు దాదాపు ఖాళీ చేయాలి, బ్యాటరీ తీగ విప్పాలి, బ్రేకు షూలు మార్చాలి అని జాబితా గోడకు అంటించుకున్నాడు. అతని ఫుప్పీ కరాచీలో ఉన్నారు, వయసు 80 దాటింది. ఇరాన్ దాకా వస్తున్నావు కదా బేటా, జాహెదాన్ వైపు వస్తే నేను అవతల తఫ్తాన్ దాకా వస్తాను, చూసి పోదువు అని ఫోన్‌లో అంటున్నారట. బండికి అక్కడికి కార్నె చెల్లుతుంది. వాళ్ళిద్దరి పాస్‌పోర్ట్‌ల సంగతి అతను ఇప్పుడు విచారిస్తున్నాడు.